ఆయిల్ దిగే పది నిమిషాలు

"అమ్మా, ఆ పంపాయన చనిపోయిండంట," అన్నాడు వాచ్‌మన్ యాదయ్య, పాల ప్యాకెట్ నా చేతిలో పెడుతూ. "నెల దాటిందంట. మా బోరబండల్నే ఉంటుండె. నాకే నిన్న తెల్సింది."

"అవునా," అన్నాను. ఇంకేదో అడగాలని నోటిదాకా వచ్చింది. ఈలోగా లిఫ్ట్ వచ్చింది. ఎక్కేశాను.

ఆయన పేరు నాకు తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదనుకుంటాను. ఫిల్మ్ నగర్‌లో ఈ వీధి మొత్తానికీ ఆయన పంపాయనే. పాత స్కూటర్ మీద వచ్చేవాడు. ముందు కాళ్ళ దగ్గర రెండు డబ్బాలు, భుజాన పిల్లలు బడికి తీసుకెళ్ళే నీళ్ళసీసా సంచి. ఆ సంచిలో నీళ్ళసీసా ఉండదు, చేతిపంపు ఉంటుంది. మూరెడు ప్లాస్టిక్ గొట్టం, పైన పిడి, కింద సన్నటి ట్యూబు. పిడి పైకి లాగితే పీలుస్తుంది, కిందికి నొక్కితే కక్కుతుంది. రాణిగంజ్‌లో కుప్పపోసి అమ్ముతారట. వేడి ఆయిల్‌కి లోపలి రబ్బరు మెత్తబడిపోతుంది కాబట్టి ఏడాదికి మూడు నాలుగు మార్చేవాడు. పాతది పారేసేవాడు కాదు. దాని పిడి తీసి కొత్తదానికి వేసేవాడు. "గొట్టం కొత్తదైతే కానీ, పిడి నా చెయ్యి ఎర్కున్నదే ఉండాలె," అనేవాడు.

ఆ పంపుతో ఆయన కార్లలో పాత ఇంజన్ ఆయిల్ తీసి కొత్తది పోసేవాడు. మెకానిక్ షెడ్డుకు వెళ్ళక్కరలేదు, బండి పైకి లేపక్కరలేదు. ఆయిల్ ఎంతుందో చూసుకునే కడ్డీ ఒకటి ఇంజన్‌లోకి దిగి ఉంటుంది కదా, గేజు అంటారు, అది బయటికి తీసి ఆ కన్నంలోంచే ట్యూబు అడుగుదాకా దించి పైనుంచి లాగేసేవాడు.

నేను ఆయన్ను కలిసింది సెల్లార్‌లోనే. మా నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. నెలలో ఇరవై రోజులు అవుట్‌డోర్‌లో ఉంటాడు, కంపెనీ బండ్లలో తిరుగుతాడు. మా కారు మాత్రం సెల్లార్‌లో స్తంభం పక్కన ఉంటుంది. "ఆదివారం ఆదివారం ఓసారి స్టార్ట్ చేస్తూ ఉండమ్మా, బ్యాటరీ పోతుంది," అని ఫోన్‌లో చెబుతాడు. నాకు లైసెన్స్ ఉంది కానీ రోడ్డు మీదికి వెళ్ళాలంటే భయం. అందుకని ఆదివారం పొద్దున్నే ఒక పుస్తకం పట్టుకుని కిందికి వెళ్ళి, కారులో కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి చదువుకునేదాన్ని. వారమంతా ఇంట్లో కూర్చుని సినిమాలకు సబ్‌టైటిల్స్ రాస్తాను. ఎవరెవరో ఎవరెవరితోనో అనే మాటలన్నీ నా చేతి మీదుగా వెళ్తాయి. నా గొంతు మాత్రం కొన్ని రోజులు సాయంత్రం దాకా నాకే వినపడదు. ఆ కారు నాకు ఇంకో గది.

ఒక ఆదివారం ఎవరో అద్దం మీద రెండు వేళ్ళతో తట్టారు. నెరిసిన గడ్డం, ఎడమ భుజం కొంచెం కిందికి వాలిన మనిషి.

"బిడ్డా, గీ సెల్లార్ల అద్దాలు మూసుకొని ఇంజన్ నడిపిస్తున్నవేంది? పొగకు నిద్ర పడుతది. మల్ల లేవవు. దించు, దించు."

దించాను. భయపడి ఇంజన్ కూడా ఆపేశాను.

"ఎంతసేపు నడిపిస్తవు?"

"పది నిమిషాలండీ."

"ఎటన్నా పోతవా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన బానెట్ తీయమన్నాడు. నాకు ఆ మీట ఎక్కడుందో తెలియదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయనే లాగాడు. ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, వెల్లకిలా పట్టుకుని నాకు చూపించాడు. లోపల తెల్లగా, మీగడలా ఏదో పేరుకుని ఉంది.

"చూసినవా? పాల మీద కట్టినట్టు కట్టింది. బండి పూర్తిగా వేడెక్కక ముందే ఆపుతున్నవు. లోపలి చెమ్మ బయటికి పోతలేదు. దీన్ని జర ఊరు తిప్పాలె. ఓ ఇరవై కిలోమీటర్లు." వేలితో మీగడ తీసి గుడ్డకు రాసుకున్నాడు. తర్వాత గేజు తీసి, ఆయిల్ చుక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఈ బండికి ఎవ్వరు లేరా?" అన్నాడు.

బండి గురించే అడిగాడు. ఆ రాత్రి డైరీలో ఆ వాక్యం ఒక్కటే రాసుకున్నాను.

ఆయనకు ఆయిల్ చూసి చెప్పే అలవాటు. మొదటి అంతస్తు బండి పిల్లల్ని బడిలో దింపి వచ్చేది, అంతకు మించి ఎటూ పోదు. నాలుగో అంతస్తు ఆయన ట్రాఫిక్‌లో గంటలు గంటలు నిలబడతాడు, ఆయిల్ మాడిన వాసన. ఎవరూ అడగకుండానే ఇలా చెబుతుంటే యాదయ్య ఆటపట్టించేవాడు.

"ఏం డాక్టర్ సాబ్, రక్తం తీసుడు అయిందా?"

"నీకు కూడ తీస్త రా. గుట్కా తిని తిని నీది దీనికన్న నల్లగుంటది."

పని మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేవాడు, వాళ్ళు వింటున్నా వినకపోయినా. "షెడ్డుల కిందికెళ్ళి విప్పితే అంతా పోతది. నా పంపుకు ఎంత గుంజినా ఓ గ్లాసెడు అడుగున మిగులుతది. ఒప్పుకుంటేనే చేస్త. ఫిల్టర్ కింద ఉన్న బండైతే నాతోని కాదు, షెడ్డుకే పోండ్రి." అలా చెప్పి ఎన్ని బేరాలు పోగొట్టుకున్నాడో. మానలేదు.

పని పద్ధతి కూడా ఎప్పుడూ ఒకటే. ఇంజన్ కాసేపు వేడి చేసి ఆపడం. ట్యూబు అడుగు తగిలేదాకా దించడం. కుడిచేత్తో లాగడం, లాగడం. మొదట ట్యూబులో తేనె రంగు కనిపించి, అంతలోనే కాటుకలా అయ్యేది. చివర్లో గాలి పీలుస్తూ గరగరమనేది. అప్పుడు ట్యూబు ఒక వేలెడు పైకి తీసి, తిప్పి, మళ్ళీ దించి లాగేవాడు. మూడుసార్లు. ఆ పాత ఆయిల్ ఉన్న డబ్బా, కొత్త ఆయిల్ పోసే డబ్బా రెండూ ఒకేరకం, నూనెసీసాల్లా లోపలిది బయటికి కనిపించేవి. రెండిటి మీదా బ్లేడుతో గీతలు. పాతది ఏ గీతదాకా వచ్చిందో కొత్తది ఆ గీతదాకా నింపి, రెండూ పక్కపక్కన కళ్ళ ఎత్తుకు లేపి చూసేవాడు. ఎడమచెయ్యి అంత ఎత్తుకు లేవదు. అందుకని ఒక డబ్బా బానెట్ అంచు మీద పెట్టి, తనే వంగి చూసేవాడు. "తీసినంతే పోయాలె," అనేవాడు. ఎవరితోనో కాదు, తనలో తనే.

పోశాక ఒకసారి ఇంజన్ తిప్పి ఆపి, పది నిమిషాలు ఆగేవాడు. ఆయిల్ పైనుంచి మెల్లగా కిందికి దిగాలట. దిగాకే గేజు చూడాలట. ఆ పది నిమిషాలు నావి.

స్టీలు ఫ్లాస్కులోంచి టీ పోసుకుని మా కారు పక్కకు వచ్చి నిలబడేవాడు. కూర్చునేవాడు కాదు. "ఏమైతుంది అండ్ల?" అని నా ఒళ్ళో పుస్తకం వైపు గడ్డంతో చూపించేవాడు. మొదటిసారి అడిగినప్పుడు పుస్తకం అట్ట చూపించాను, అంతే. రెండోసారి నాలుగు ముక్కలు చెప్పాను. మూడో ఆదివారం నుంచి ముందు రోజే మనసులో అనుకుని పెట్టుకునేదాన్ని, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడిదాకా చెప్పాలి అని. మా అపార్ట్‌మెంట్, పక్కవి కలిపి ప్రతి ఆదివారం ఏదో ఒక బండి ఉండేది ఆయనకు.

కథ మధ్యలో ఉండగానే ఆయన లేచిన కనుబొమలతో బండి వైపు చూసేవాడు. "ఆయిల్ దిగింది. మిగతాది మల్ల చెప్పు." ఎంత ఉత్కంఠలో ఉన్నా అంతే. ఒకసారి కోపం వచ్చి, "ఇంకో రెండు నిమిషాలుంటే అయిపోతుంది కదండీ," అన్నాను. ఆయన నవ్వాడు. "అయిపోతే వచ్చేవారం ఏం చెప్తవు?"

తన గురించి మాత్రం ఒక్కసారే చెప్పాడు. "ఇరవై ఏండ్లు షెడ్డుల బండ్ల కింద పండుకొనే పని చేసిన బిడ్డా. మీకు పైన మబ్బు ఉంటది, నాకు ఆయిల్ చాంబర్ ఉంటుండె. ఓనాడు జాకీ జారింది." వాలిన భుజం వైపు చూసుకున్నాడు. "అప్పట్నుంచి బండి కిందికి పోతే ఊపిరి ఆడది. ఎనిమిది నెలలు ఇంట్ల కూసున్న. గీ పంపు దొరికింది. నిలబడి చేసే పని." అందుకేనేమో ఎప్పుడూ కూర్చోని మనిషి.

ఇప్పుడు రాయాల్సింది ఆ ఆదివారం సంగతి.

మూడో అంతస్తు నిర్మాతగారి బండికి ఆయిల్ మార్చాడు ఆ రోజు. నిర్మాతగారు అయిదు లీటర్ల డబ్బా కొనిచ్చారు. ఈ బండికి మూడున్నర పట్టింది. మిగిలింది మూత బిగించి డిక్కీలో పెట్టి, డ్రైవర్‌కు చూపించాడు. "ఒకటిన్నర ఉంది. సార్‌కు చెప్పు." టీ తాగి, నేను చెబుతున్న కథను సగంలో ఆపి, గేజు చూసి వెళ్ళిపోయాడు. తప్పు స్టేషన్‌లో దిగిపోయిన ఒక స్త్రీ కథ అది. అప్పుడే ఆమె వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్ళింది.

నేను సీటు వెనక్కి వాల్చుకుని చదువుకుంటున్నాను. కాసేపటికి డ్రైవర్ తిరిగి వచ్చాడు. బండి స్టార్ట్ చేసి, రెండుసార్లు గట్టిగా రెయిజ్ చేసి, ఆపీ ఆపగానే గేజు లాగాడు. ఆయిల్ ఇంకా దిగలేదు కాబట్టి గీత కింద చూపించి ఉంటుంది. "తక్కువ పోశాడ్రా బాబూ," అని గొణుక్కున్నాడు. డిక్కీలోంచి డబ్బా తెచ్చి మిగతాదంతా ఒంపేశాడు. నేను కారులో ఉన్నది అతను చూడలేదు. నేను పుస్తకం గుండెల మీద పెట్టుకుని అంతా చూశాను. అది తప్పు అని నాకు తెలుసు. పది నిమిషాల సంగతి మా అపార్ట్‌మెంట్‌లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా అద్దం దించి ఒక్క మాట అనలేదు. పైకి వచ్చి డైరీలో రాసుకున్నాను.

ఆ బుధవారం నిర్మాతగారి కొత్త సినిమాకు కొబ్బరికాయ కొట్టే రోజు. గుడి ఎత్తు ఎక్కుతుంటే బండి వెనక తెల్లటి పొగ. పూలదండలు, కెమెరాలు, పెద్ద పెద్ద అతిథులు, వాళ్ళందరి మధ్యలో బండి దగ్గుతూ ఆగిపోయిందట. షెడ్డులో ఆయిల్ తీసి చూస్తే ఒకటిన్నర లీటరు ఎక్కువ.

తర్వాత ఆదివారం పంపాయన స్కూటర్ దిగేసరికి సెల్లార్‌లో అందరూ ఉన్నారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు, నిర్మాతగారు, డ్రైవర్, యాదయ్య. నేను పుస్తకంతో మెట్ల మీద.

"ఇంజన్ సంగతి పోనివ్వండి. ముహూర్తం రోజు పొగండీ! హీరోగారి వాళ్ళమ్మగారు మొహం ఎలా పెట్టారో తెలుసా?" అంటున్నారు నిర్మాతగారు.

"తీసినంతే పోసిన సార్," అన్నాడు పంపాయన. డబ్బా ఎత్తి గీత చూపించాడు. "మిగిలింది డిక్కీల పెట్టిన. డ్రైవర్ తమ్మునికి చూపించిన."

"ఏ డిక్కీ అండీ బాబూ? ఖాళీ డబ్బా ఇచ్చి ఎల్లిపోయాడండీ. నేను గేజు కూడా ముట్టుకోలేదు," అన్నాడు డ్రైవర్.

సెక్రటరీగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమయ్యా, నువ్వే కదా అందరికీ చెబుతావు, నీ పంపుతో తీస్తే అడుగున మిగులుతుందని? మిగిలినదాని మీద నిండా పోసేసి ఉంటావు. ఇంకేముంది?"

"మిగిలేది గ్లాసెడు సార్. ఒకటిన్నర లీటర్ కాదు."

"చూశారా, మిగులుతుందని ఒప్పుకున్నాడు!"

పంపాయన ఒక్కసారి స్తంభం పక్కనున్న మా కారు వైపు చూశాడు. తర్వాత మెట్ల వైపు, నా వైపు. నేను ఆదివారం ఎక్కడుంటానో ఆయనకు తెలుసు. నా నాలుక కింద ఆ వాక్యం సిద్ధంగా ఉంది: డ్రైవర్ పోశాడండీ, నేను చూశాను. నాలుగు మాటలు. నలుగురూ నా వైపు తిరుగుతారు, డ్రైవర్ అరుస్తాడు, "నువ్వక్కడ ఏం చేస్తున్నావమ్మా?" అంటారు. ఆ నాలుగు మాటల తర్వాత రాబోయే మాటలన్నీ ముందే వినపడ్డాయి. రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. డబ్బాలు స్కూటర్ మీద పెట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా స్తంభం మీద కాగితం అంటించారు. బయటి మెకానిక్‌లకు ప్రవేశం లేదు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా అదే అంటించుకున్నారు.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ కనిపించాడు. కాస్ట్యూమ్స్ కుట్టే దుకాణం ముందు, రోడ్డు వాలులో ఆపిన ఒక వ్యాన్ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. ఆయిల్ దిగుతోందన్నమాట. నేను దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ దాటిపోబోయాను.

"ఆ అమ్మ ఇంటికి చేరిందా?" అన్నాడు వెనక నుంచి.

ఎవరి గురించో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. తప్పు స్టేషన్‌లో దిగిన స్త్రీ.

"చేరలేదండీ," అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది. "ఆ రోజు నేను కారులో ఉన్నాను. డ్రైవర్ పోయడం చూశాను."

"ఎర్కే."

"మరి నన్ను అడగమని ఎందుకు చెప్పలేదు? నన్ను చూశారు కదా."

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు, నిదానంగా. "చూసిన. రెయిలింగ్ ఎట్ల పట్టుకున్నవో గది కూడ చూసిన. నలుగుర్ల నిలబెడితే నువ్వు తట్టుకోవు బిడ్డా. నాకేంది, గీ సెల్లార్ కాకపోతే ఇంకో సెల్లార్." తర్వాత వ్యాన్ వైపు చూస్తూ అన్నాడు, "కానీ ఒక్కటి. తప్పు పోసిండు అనిపించుకున్న. గది జర కొడుతది లోపల. నీకు ఎన్నడన్న నోరొస్తే, ఆ సెక్రటరీ సార్‌కు చెప్పు. ఫికర్ లేదు, తొందర లేదు."

"చెబుతాను," అన్నాను. "ఈ వారమే చెబుతాను."

"ఆయిల్ దిగింది," అని ఆయన గేజు అందుకున్నాడు.

రెండుసార్లు అయిదో అంతస్తుకు వెళ్ళాను. ఒకసారి సెక్రటరీగారి తలుపు వెనక టీవీ వినపడింది, భోంచేస్తున్నారేమోనని వచ్చేశాను. రెండోసారి చెప్పులు ఎక్కువ కనిపించాయి, ఎవరో వచ్చారని వచ్చేశాను. రెండుసార్లూ డైరీలో రాసుకున్నాను. ఎనిమిది నెలలు అలా గడిచాయి. తొందర లేదు అన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇవాళ లిఫ్ట్‌లో మా అంతస్తు బటన్ నొక్కలేదు. పాల ప్యాకెట్‌తోనే అయిదో అంతస్తులో దిగి బెల్ కొట్టాను.

సెక్రటరీగారు పేపర్ చేతిలో పట్టుకుని వచ్చారు. "ఏంటమ్మా? నాన్నగారు ఊర్లో లేరా?"

"పంపాయన గురించి చెప్పాలండీ."

"ఏ పంపు? మోటార్ మళ్ళీ పోయిందా?"

"కాదండీ. కార్లకు ఆయిల్ మార్చే ఆయన."

"పేరేంటి?"

పేరు నాకు తెలియదు. సెక్రటరీగారికేమో గుర్తు రావడం లేదు. ఆ గుమ్మంలో నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. పాత స్కూటర్ అన్నాను. నీళ్ళసీసా సంచి అన్నాను. ఎడమ భుజం వాలి ఉంటుంది, ఎప్పుడూ కూర్చోడు, వేళ్ళ మధ్య ఆయిల్ నలిపి వాసన చూస్తాడు, రెండు డబ్బాలు ఎదురుగా పెట్టుకుని వంగి గీతలు సరిచూస్తాడు. మధ్యలో ఆగలేదు. ఆ ఆదివారం డ్రైవర్ ఇంజన్ ఆపీ ఆపగానే గేజు చూశాడని, ఆయిల్ దిగడానికి పది నిమిషాలు పడుతుందని, డిక్కీలో డబ్బా తెచ్చి ఒంపేశాడని, నేను కారులోంచి చూశానని చెప్పాను. "ఆయన తీసినంతే పోశాడండీ," అన్నాను. ఆయన ముందు తప్ప ఇంత సేపు నేను ఎవరి ముందూ మాట్లాడినట్టు గుర్తులేదు.

సెక్రటరీగారు పేపర్ మడిచారు.

"ఔనౌను, గుర్తొచ్చాడు. అడుగున గ్లాసెడు మిగులుతుంది అనేవాడు. అయ్యో, అప్పుడే చెప్పొచ్చు కదమ్మా. ఆ డ్రైవర్ కూడా మానేసి వెళ్ళిపోయాడు." కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వారు. "సరే, దానిదేముంది, ఆ కాగితం తీయించేస్తాను. ఈ ఆదివారం రమ్మనమ్మా ఆయన్ని. మా బండికి కూడా మార్చాలి ఎటూ."

పాల ప్యాకెట్ చల్లదనం వేళ్ళలోంచి మోచేతిదాకా పాకింది. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలిందని అప్పుడు తెలిసింది.

"ఇక రాలేరండీ," అన్నాను. "నెల క్రితం చనిపోయారు."

కిందికి వచ్చి కారులో కూర్చున్నాను. ఇవాళ ఆదివారం కాదు. అద్దాలు దించి ఇంజన్ ఆన్ చేసి, పది నిమిషాలు చూసి ఆపాను. బానెట్ మీట ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. మూత తిప్పి తీసి వెల్లకిలా పట్టుకున్నాను. మీగడ అలాగే కట్టి ఉంది. వేలితో తీసి గుడ్డకు రాశాను. బండిని ఎక్కడికైనా తీసుకెళ్ళకపోతే వచ్చే వారానికి మళ్ళీ కడుతుంది.